చర్మం రాయిలా గట్టిపడితే లేజర్ బాగుచేయగలదా? బస్తర్ బాలిక కథనం నేర్పే పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి చెందిన ఒక చిన్నారి చిత్రాలు 2020 ఆరంభంలో ప్రపంచవ్యాప్తంగా పత్రికలలో వచ్చాయి. దంతెవాడ జిల్లాకు చెందిన ఆ బాలిక చేతులు, కాళ్లు, వీపు మీద చర్మం చెట్టు బెరడులా, గులకరాళ్లు పరచినట్టుగా గట్టిపడింది. 'రాయిగా మారుతున్న బాలిక' అని పత్రికలు రాశాయి. అది 'ఇక్తియోసిస్ హిస్ట్రిక్స్' అనే అరుదైన జన్యు వ్యాధి కావచ్చునని వైద్యులు భావించినట్టు నాటి వార్తలు తెలిపాయి.

అలాంటి చిత్రాన్ని చూసిన వారికి సహజంగానే ఒక ప్రశ్న కలుగుతుంది. ఇంత గట్టి చర్మాన్ని లేజర్‌తో తొలగించలేరా? నగరాలలోని చర్మ చికిత్సాలయాల ప్రకటనలు చూసిన తల్లిదండ్రులు కూడా ఇదే ఆశతో అప్పు చేసి బయలుదేరుతుంటారు.

దీనికి సమాధానం వ్యాధిని బట్టి మారుతుంది. లేజర్ చర్మం మీద పెరిగిన దానిని తొలగించగలదు. అలా పెరిగేలా చేస్తున్న కారణాన్ని మాత్రం అది తాకలేదు. అందువల్ల 'లేజర్ ఎక్కడ చేస్తారు?' అని అడగడానికి ముందు 'ఇది ఏ వ్యాధి?' అని అడగాలి.

చర్మం ఎందుకు గరుకుగా మారుతుంది?

మన చర్మపు పైపొరలో కణాలు అడుగు భాగాన పుట్టి, క్రమంగా పైకి జరిగి, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండి, చివరకు కంటికి కనిపించని పొలుసులుగా రాలిపోతాయి. ఆరోగ్యవంతులలో ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది.

కణాలు మరీ వేగంగా పుట్టినా, రాలవలసినవి రాలకపోయినా, వాటిని నిలిపి ఉంచే ప్రొటీన్ల నిర్మాణంలో లోపమున్నా చర్మం మందమవుతుంది. పొలుసులు, బొడిపెలు, ముళ్లలాంటి మొనలు ఏర్పడతాయి.

ఇక్తియోసిస్ అనే మాట గ్రీకు భాషలో చేపకు ఉన్న పేరు నుంచి వచ్చింది. పొలుసులు చేప చర్మాన్ని తలపించడమే దీనికి కారణం. ఇది ఒకే వ్యాధి కాదు, ఒక పెద్ద కుటుంబం. అందులో ఎక్కువగా కనిపించే సాధారణ ఇక్తియోసిస్ ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం వల్ల వస్తుంది. చలికాలంలో పిక్కల మీద పొడి పొలుసులుగా కనిపించి, చాలా మందిలో నూనె, లేపనాలతోనే అదుపులో ఉంటుంది.

'హిస్ట్రిక్స్' అంటే ముళ్లపంది. చర్మం ముళ్లలా, మొనలుగా పైకి లేచే అరుదైన రూపాలకు ఈ పేరు పెట్టారు. వీటిలో కొన్నింటికి కెరటిన్ 1, కెరటిన్ 10 జన్యువులలో మార్పులు కారణమని గుర్తించారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇలాంటి చర్మంతో పుట్టిన ఎడ్వర్డ్ లాంబర్ట్ అనే వ్యక్తిని 'ముళ్లపంది మనిషి'గా జనానికి ప్రదర్శించారు. అతని గురించిన వివరణ లండన్ రాయల్ సొసైటీ పత్రికలోనూ వచ్చింది. అంటే ఈ వ్యాధి కొత్తది కాదు, బస్తర్‌కే పరిమితమైనదీ కాదు. అది శాపమూ కాదు, అంటువ్యాధీ కాదు.

చూపుకు ఒకేలా ఉన్నా వేరు వేరు వ్యాధులు

గరుకుగా, బొడిపెలుగా ఉన్న చర్మమంతా ఇక్తియోసిస్ కాదు. కొన్ని వ్యాధులను పొరబడి లేజర్‌తో కాల్చివేస్తే అసలు జబ్బు లోపల ముదిరిపోతుంది. బస్తర్, దాని పరిసర ప్రాంతాల వారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి ఇవి.

కుష్ఠు: దేశంలో కుష్ఠు కేసులు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ఈ వ్యాధిలోని ఒక రూపంలో ముఖం మీద, చెవి తమ్మెల మీద నున్నని బొడిపెలు వస్తాయి, చర్మం మందమవుతుంది. చేతులు, పాదాలలో స్పర్శ తగ్గుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో బహుళ ఔషధ చికిత్స ఉచితంగా లభిస్తుంది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు లేదా పన్నెండు నెలలు మందులు వాడితే నయమవుతుంది. ఇక్కడ లేజర్‌కు పని లేదు. ఆలస్యం జరిగితే నరాలు శాశ్వతంగా దెబ్బతింటాయి.

ఆర్సెనిక్ విషప్రభావం: బస్తర్‌కు ఉత్తరాన, ఒకప్పటి రాజ్‌నంద్‌గావ్ జిల్లాలోని అంబాగఢ్ చౌకీ ప్రాంతంలో, కౌడీకసా గ్రామంతో సహా, భూగర్భ జలాలలో ఆర్సెనిక్ ఉన్నట్టు 1999లోనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. అలాంటి నీటిని ఏళ్ల తరబడి తాగిన వారి అరచేతులు, అరికాళ్లలో ఆనెల వంటి గట్టి బొడిపెలు వస్తాయి. ఒంటి మీద వాన చినుకులు పడినట్టు మచ్చలు కనిపిస్తాయి. కొంతకాలానికి చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదమూ ఉంది. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి ఆర్సెనిక్ ఉండరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ఇక్కడ మొదటి చికిత్స నీటి వనరును మార్చడమే. ఒకే ఇంట్లో, ఒకే వీధిలో పలువురికి అరచేతులు గరుకెక్కితే నీటిని పరీక్షించాలి.

పులిపిర్లు: ఇవి హ్యూమన్ పాపిల్లోమా వైరస్ వల్ల వస్తాయి, ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటాయి. కొద్ది మందిలో పుట్టుకతోనే రోగనిరోధక లోపం వల్ల ఇవి ఒళ్లంతా చెట్టు కొమ్మల్లా పెరుగుతాయి. బంగ్లాదేశ్‌లో 'చెట్టు మనిషి'గా పేరుపడిన వ్యక్తికి ఢాకా మెడికల్ కాలేజ్ ఆసుపత్రిలో 2016 నుంచి ఇరవైకి పైగా శస్త్రచికిత్సలు చేశారు. అయినా పెరుగుదలలు తిరిగి వచ్చాయి. పైభాగాన్ని ఎన్నిసార్లు తొలగించినా కారణం మిగిలే ఉంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

పుట్టుమచ్చ రకపు గరుకుదనం: ఎపిడెర్మల్ నీవస్ అనే దానిలో పుట్టుకతో గానీ చిన్నతనంలో గానీ శరీరంలో ఒక వైపున, గీత గీసినట్టు బొడిపెల వరుస ఏర్పడుతుంది. శరీరంలోని కొన్ని కణాలలోనే జన్యు మార్పు ఉండడం దీనికి కారణం. ఇది మరీ విస్తారంగా ఉన్నప్పుడు దీనిని కూడా ఇక్తియోసిస్ హిస్ట్రిక్స్ అని పిలవడం కద్దు. పేరు ఒకటే అయినా చికిత్స, భవిష్యత్తు వేరు. అందుకే చిన్న చర్మపు ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించడం, వీలైతే జన్యు పరీక్ష చేయించడం అవసరమవుతాయి.

లేజర్ ఎలా పనిచేస్తుంది?

మొదటి లేజర్‌ను 1960లో అమెరికా శాస్త్రవేత్త థియోడోర్ మైమన్ వెలిగించారు. చర్మం మందాన్ని తొలగించడానికి నేటికీ ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించినవారు మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన సి. కుమార్ పటేల్.

కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. ఈ కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. చర్మ కణాలలో ఉన్నది ప్రధానంగా నీరే కనుక, కాంతి తగలగానే ఆ నీరు ఆవిరై కణాలు పొరలు పొరలుగా ఎగిరిపోతాయి. 2,940 నానోమీటర్ల ఎర్బియం లేజర్ కాంతిని నీరు ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. అందువల్ల వేడి చుట్టుపక్కలకు తక్కువగా పాకుతుంది.

రంగు లేజర్లు మరొక రకం. 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది. అందుకే అది ఎరుపును తగ్గించగలదు, మందాన్ని తగ్గించలేదు. ఎంచుకున్న లక్ష్యాన్నే వేడి చేసి చుట్టూ ఉన్న కణజాలాన్ని కాపాడే ఈ సూత్రాన్ని 1983లో అండర్సన్, ప్యారిష్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. ఆధునిక చర్మ లేజర్లకు అదే పునాది.

ఎక్కడ ఉపయోగం? ఎక్కడ కాదు?

ఎపిడెర్మల్ నీవస్ చిన్న విస్తీర్ణంలో ఉంటే కార్బన్ డయాక్సైడ్ లేజర్ మంచి ఫలితమిస్తుంది. అయితే పైపైన తీస్తే తిరిగి వస్తుంది, మరీ లోతుగా తీస్తే మచ్చ మిగులుతుంది. ఈ రెండింటి నడుమ లోతును అంచనా వేయడమే వైద్యుని నైపుణ్యం. వయసు పైబడిన వారిలో వచ్చే నల్లని గరుకు బొడిపెలకు, మందులకు లొంగని కొన్ని పులిపిర్లకు కూడా లేజర్‌ను వాడతారు. పులిపిర్లను కాల్చేటప్పుడు వెలువడే పొగలో వైరస్ ఉండే అవకాశం ఉన్నందున పొగను పీల్చే యంత్రం, మాస్కులు తప్పనిసరి.

బుజాలు, తొడల మీద రోమకూపాల చుట్టూ చిన్న చిన్న పొక్కుల్లా ఉండే కెరటోసిస్ పిలారిస్ చాలా మందిలో కనిపిస్తుంది. కౌమారం దాటాక చాలా మందిలో ఇది తగ్గుతుంది. లేజర్‌తో ఎరుపు, గరుకుదనం కొంత తగ్గవచ్చు. కానీ అది శాశ్వత పరిష్కారం కాదు. యూరియా, లాక్టిక్ ఆమ్లం ఉన్న లేపనాలే మొదటి మెట్టు.

ఒళ్లంతా వ్యాపించిన ఇక్తియోసిస్ విషయంలో లేజర్ ప్రధాన చికిత్స కాదు. వేళ్లను కదలనీయని ఒక గట్టి మడత, నడకకు అడ్డుపడే ఒక బొడిపె వంటి చిన్న భాగాల మీద దానిని ప్రయత్నించవచ్చు. అయితే ప్రతి కణంలోనూ అదే జన్యు లోపం ఉంటుంది. కనుక కాల్చిన చోట కొత్తగా వచ్చే చర్మం కూడా కాలక్రమంలో అలాగే మందమవుతుంది. పైగా పెద్ద విస్తీర్ణంలో చేస్తే తీవ్రమైన నొప్పి, ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గిపోవడం వంటి ప్రమాదాలున్నాయి. చిన్న పిల్లలకైతే పూర్తి మత్తు ఇవ్వవలసి ఉంటుంది.

ముదురు చాయ వారికి ప్రత్యేక జాగ్రత్త

భారతీయుల చర్మంలో మెలనిన్ ఎక్కువ. లేజర్ వేడికి అది రెచ్చిపోయి, చికిత్స చేసిన చోట నెలల తరబడి నల్లమచ్చలు నిలవవచ్చు. కొందరిలో తెల్లమచ్చలు ఏర్పడవచ్చు. గాయం మానిన చోట కండ ఉబ్బి పెరిగే స్వభావం ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. అందుకే ముందుగా చిన్న చోట పరీక్షించి, కొన్ని వారాలు గమనించి, ఆ తరువాతే మిగతా భాగానికి వెళ్లడం మంచి పద్ధతి. ఆ తరువాత ఎండ తగలకుండా కాపాడుకోవాలి. ఆరుబయట పని చేసే కుటుంబాలలో ఇది అంత తేలిక కాదు. తేదీ నిర్ణయించే ముందే ఈ విషయం వైద్యునితో మాట్లాడుకోవాలి.

లేజర్‌కు ఒప్పుకునే ముందు వైద్యుని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వ్యాధి పేరేమిటి, అది పరీక్షతో నిర్ధారణ అయిందా? ఎన్ని విడతలు కావాలి, మొత్తం ఖర్చు ఎంత? తిరిగి వచ్చే అవకాశం ఎంత? మచ్చ పడితే ఏం చేస్తారు? చేసేవారు చర్మవ్యాధి నిపుణులేనా? కళ్లకు రక్షణ కవచాలు ఉన్నాయా? వీటికి సూటిగా సమాధానం రాని చోట డబ్బు కట్టకపోవడమే మేలు.

రోజువారీ సంరక్షణే అసలైన చికిత్స

ఇక్తియోసిస్ ఉన్న పిల్లల జీవితాన్ని మార్చేవి ఖరీదైన యంత్రాలు కావు, ప్రతి రోజూ తప్పకుండా చేసే చిన్న పనులు. గోరువెచ్చని నీటిలో పది, పదిహేను నిమిషాలు నాననిచ్చి, మెత్తని గుడ్డతో పొలుసులను సున్నితంగా రుద్ది, ఒళ్లు తడిగా ఉండగానే పారాఫిన్, గ్లిసరిన్ వంటి లేపనాన్ని దట్టంగా పట్టించాలి. రోజుకు రెండు మూడు సార్లు ఇలా చేయాలి. బస్తర్‌లో ఇప్ప గింజల నుంచి తీసే నూనెను 'తోరా తేల్' అంటారు. పగిలిన, గాయమైన చోట కాక మిగిలిన చర్మానికి ఇలాంటి శుభ్రమైన నూనెలు కొంత మెత్తదనాన్ని ఇవ్వగలవు. కానీ వైద్యులు సూచించిన లేపనానికి అవి బదులు కావు.

పొలుసులను కరిగించే యూరియా, లాక్టిక్ ఆమ్లం లేపనాలను వయసును బట్టి ఇస్తారు. సాలిసిలిక్ ఆమ్లాన్ని చిన్నపిల్లల ఒళ్లంతా రాయకూడదు. అది చర్మం గుండా రక్తంలోకి చేరి విషమవుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ లేపనాలు ఈ వ్యాధికి మందు కాకపోగా, దీర్ఘకాలం వాడితే హాని చేస్తాయి.

తీవ్రమైన రూపాలలో ఎసిట్రెటిన్ అనే మాత్రను నిపుణుల పర్యవేక్షణలో ఇస్తారు. ఇది విటమిన్-ఎ వర్గానికి చెందిన మందు. మందమైన చర్మాన్ని గణనీయంగా పలచబరచగలదు. మందు ఆపితే గరుకుదనం తిరిగి వస్తుంది. కాలేయం పనితీరు, రక్తంలో కొవ్వు, పిల్లల్లో ఎముకల పెరుగుదలను గమనిస్తూ ఉండాలి. గర్భస్థ శిశువుకు ఇది తీవ్రమైన హాని చేస్తుంది. కనుక పిల్లలను కనే వయసులోని స్త్రీలు వాడుతున్నంత కాలం, ఆపిన తరువాత కూడా మూడేళ్ల పాటు గర్భం దాల్చకూడదు. ఈ మందు వాడుతున్నవారు లేజర్ చేయించుకోదలిస్తే ఆ సంగతి ముందే చెప్పాలి.

మరొక ప్రమాదం వేడి. మందమైన చర్మం వల్ల చెమట సరిగా పట్టదు. ఒంటి వేడి బయటికి పోదు. ఇప్పపూలు ఏరే కాలం, తునికాకు కోసే కాలం ఎండలు మండే మార్చి నుంచి మే నెలల మధ్యే వస్తాయి. తల్లిదండ్రులతో అడవికి వెళ్లే పిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చు. నీడ, తడి గుడ్డ, తరచుగా నీరు తప్పనిసరి. చర్మం పగిలి చీము పట్టినా, దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కనురెప్పలు పూర్తిగా మూసుకోకపోయినా, చెవుల్లో పొలుసులు పేరుకుని వినికిడి తగ్గినా చూపించాలి.

కుటుంబంలో మరొకరికి వస్తుందా?

ఇది రకాన్ని బట్టి ఉంటుంది. కెరటిన్ జన్యువుల వల్ల వచ్చే రూపాలలో తల్లిదండ్రులలో ఎవరికీ లేకపోయినా బిడ్డలో కొత్తగా మార్పు ఏర్పడవచ్చు. ఆ బిడ్డ పెరిగి పెద్దయ్యాక తన సంతానానికి వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ సగం. ఎపిడెర్మల్ నీవస్ ఉన్న కొందరిలోనూ పునరుత్పత్తి కణాలలో ఆ మార్పు ఉంటే పిల్లలకు ఒళ్లంతా వ్యాధి రావచ్చు.

లామెల్లార్ ఇక్తియోసిస్ వంటి మరికొన్ని రూపాలలో తల్లి, తండ్రి ఇద్దరూ లోపమున్న జన్యువును మోస్తూ ఆరోగ్యంగా కనిపిస్తారు. వారి బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. దగ్గరి రక్త సంబంధాలలో పెళ్లిళ్లు ఈ అవకాశాన్ని పెంచుతాయి. తెలుగు నాట మేనరికాలు, బస్తర్ గోండులలో 'దూధ్ లౌటానా' అని పిలిచే మేనత్త, మేనమామ పిల్లల వివాహాలు ఈ కోవలోకే వస్తాయి. ఇది ఎవరినీ నిందించే విషయం కాదు. ఒక బిడ్డకు వ్యాధి ఉన్న కుటుంబం తదుపరి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవడం అవసరం.

బస్తర్ నుంచి ఎక్కడికి వెళ్లాలి?

బస్తర్ డివిజన్‌లో బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలున్నాయి. ఊళ్లలో మొదటి ఆసరా 'మితానిన్' అని పిలిచే ఆరోగ్య కార్యకర్త. వారపు సంతలలో వైద్య పరీక్షలు చేసే హాట్ బజార్ క్లినిక్‌లు 2019లో రాష్ట్ర పథకంగా మొదలయ్యాయి. బిడ్డ చర్మం మందమవుతున్నదని గమనించిన వెంటనే వీరికి చూపించి, జిల్లా ఆసుపత్రికి పంపమని కోరవచ్చు.

పెద్ద ఆసుపత్రి జగ్దల్‌పూర్ సమీపంలోని డిమ్రాపాల్‌లో, బలిరామ్ కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉంది. అక్కడి నుంచి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంబేడ్కర్ స్మారక ఆసుపత్రి ఉన్నాయి. కోంటా, భోపాల్‌పట్నం వంటి సరిహద్దు ప్రాంతాలలో తెలుగు తెలిసినవారు గణనీయంగా ఉన్నారు. వారికి భద్రాచలం, వరంగల్, హైదరాబాద్‌ల దారి, జగ్దల్‌పూర్ వైపు వారికి విశాఖపట్నం దారి కూడా అందుబాటులో ఉన్నాయి. దూరం వెళ్లలేని వారు ఆరోగ్య కేంద్రంలో ఇ-సంజీవని దూర వైద్య సేవ ద్వారా నిపుణుల సలహా కోరవచ్చు.

ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హులైన కుటుంబానికి ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంది. అయితే సౌందర్యం కోసం చేసే చికిత్సలు దానిలో చేరవు. కాబట్టి లేజర్ సలహా ఇచ్చినప్పుడు అది పథకంలోకి వస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

సిరహా, గునియా వంటి సంప్రదాయ వైద్యుల మీద బస్తర్ ప్రజలకు గౌరవం ఎక్కువ. వారి వద్దకు వెళ్లడం ఆసుపత్రికి వెళ్లడానికి అడ్డు కానవసరం లేదు. కానీ వాతలు పెట్టడం, బొడిపెలను కోయడం, కిరోసిన్ వంటివి రాయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు.

తరగతి గదిలో ఒక చోటు

చర్మవ్యాధి ఉన్న బిడ్డకు నొప్పి కంటే పెద్ద భారం ఒంటరితనం. పక్కన కూర్చోని తోటి పిల్లలు, చేయి పట్టుకోని పెద్దలు, బడికి పంపవద్దనే ఊరు ఆ బిడ్డను వ్యాధి కంటే ముందే కుంగదీస్తాయి. ఇక్తియోసిస్ తాకితే అంటదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా అంటదు. ఈ ఒక్క మాట ఉపాధ్యాయులు తరగతిలో చెప్పగలిగితే, నీడ ఉన్న చోట కూర్చోబెట్టి, మధ్యాహ్నం లేపనం రాసుకోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వగలిగితే, ఆ బిడ్డ చదువు నిలుస్తుంది.

ఈ వ్యాధిని మూలంతో సహా నయం చేసే మందు గానీ లేజర్ గానీ నేటికి లేదు. కానీ సరైన నిర్ధారణ, క్రమం తప్పని సంరక్షణ ఉంటే చర్మం మెత్తబడుతుంది, వేళ్లు కదులుతాయి, బిడ్డ నడుస్తుంది, ఆడుతుంది. లేజర్ చోటు అక్కడక్కడ ఒక బొడిపె దగ్గర మాత్రమే. మిగిలినదంతా ఇంట్లోని లేపనం డబ్బా, దగ్గరలోని వైద్యుడు, బడిలోని స్నేహితులు కలిసి చేయవలసిన పని.